బకెట్టు, గడియారం, పైపు నంబరు: కూకట్‌పల్లి నాలా పక్క కాలనీ సంఘాలకు బహిరంగ లేఖ

కూకట్‌పల్లి, మూసాపేట, ఫతేనగర్, సనత్‌నగర్, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా నాలా ఒడ్డున ఉన్న కాలనీల సంక్షేమ సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, సభ్యులకు నమస్కారం.

ఏటా ఎండాకాలం చివర్లో సంఘాల నుంచి కార్పొరేషన్‌కు, జలమండలికి, కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లే అర్జీలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: నాలా కంపు కొడుతోంది, దోమలు ఆగడం లేదు, పూడిక తీయించండి. అర్జీ అందుకున్న ఇంజినీరు దాంతో చేయగలిగింది చాలా తక్కువ. ఏ పైపు, ఎంత నీరు, ఏ వేళ అన్నది అందులో ఉండదు. చివరికి ఒక జేసీబీ వస్తుంది, బురద తీసి ఒడ్డునే కుప్ప పోస్తుంది, మొదటి పెద్ద వానకు ఆ కుప్ప మళ్లీ నాలాలోకే జారుతుంది. కంపు మాత్రం ఎక్కడికీ పోదు, ఎందుకంటే అది పూడిక వల్ల వచ్చింది కాదు. రోజూ వచ్చి కలిసే మురుగు వల్ల వచ్చింది.

మేము అడిగేది ఒకటే. అర్జీలో కంపు గురించి రాయడం ఆపి కొలత రాయండి. పైపు నంబరు, సెకనుకు ఎన్ని లీటర్లు, తేదీ, గంట. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. ఎలా చేయాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో కింద వివరంగా రాస్తున్నాం.

“నాలా అంటే మురుగు కాలువే కదా, దానికి కాలుష్యం ఏంటి” అని ఏ ఆఫీసులోనైనా అంటే, 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం చూపించండి. అందులో రక్షణ పొందే ప్రవాహాల్లో నది ఒక్కటే లేదు. నీరు పారే ఏ దారైనా, అప్పటికి ఎండిపోయి ఉన్నా సరే, ఉంది. వాటిలో కాలుష్య పదార్థాన్ని తెలిసి వదలడం 24వ సెక్షన్ కింద నిషేధం. హుస్సేన్‌సాగర్‌ను 1562 ప్రాంతంలో కట్టించినప్పటి సంగతి వదిలేసినా, ఇవాళ ఆ చెరువులోకి నీరు తెచ్చే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల్లో పెద్దది మీ ఇళ్ల పక్కనుంచే పారుతోంది.

ముందు నడక. మీ పరిధిలో ఉన్న నాలాను వంతెన నుంచి వంతెనకు ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్క 500 మీటర్లు దాటకపోతే ఒక ఉదయంలో రెండు ఒడ్లూ అయిపోతాయి. ముగ్గురు చాలు: ఒకరు చూసి చెప్పడానికి, ఒకరు రాయడానికి, ఒకరు ఫొటోలకు. నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడి చేతి వైపుది కుడి ఒడ్డు, ఎడమ చేతి వైపుది ఎడమ ఒడ్డు. ఇది ముందే ఖాయం చేసుకోకపోతే ఒకే పైపు రెండు కాలనీల జాబితాల్లో రెండు ఒడ్ల మీద కనిపిస్తుంది, అర్జీ అక్కడే పలచబడుతుంది. పైపుకు పేరు ఇలా పెట్టండి: ఒడ్డు, ముక్క నంబరు, ఎగువ వంతెన నుంచి మీటర్లలో దూరం. ‘కు-2-140’ అంటే కుడి ఒడ్డు, రెండో ముక్క, వంతెనకు 140 మీటర్ల దిగువన. ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత ఐదు అంకెల వరకు రాయండి. ఐదో అంకె విలువ సుమారు ఒక మీటరు. అయితే పొడుగాటి అపార్ట్‌మెంట్ల మధ్య ఫోను పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అందుకే టేపు దూరం కూడా ఉండాలి.

పైపు లోపలి వ్యాసం, అది సిమెంటుదా పీవీసీదా, నాలా అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది, దాని కింద గోడ మీద మరక ఏ రంగులో ఉంది, ఇవన్నీ రాయాలి. మరక ముఖ్యం. మీరు వెళ్లిన వేళకు పైపు పొడిగా ఉండవచ్చు; కానీ మూతి కింద నల్లటి జిగురు, బూడిదరంగు తీగల్లాంటి బూజు వేలాడుతుంటే అది రోజూ మురుగు వదిలే పైపే. దాన్ని ‘పొడి’ అని కొట్టేయకుండా ‘మరక ఉంది, మళ్లీ చూడాలి’ అని రాయండి. ఫొటోలు రెండు తీయండి. ఒకటి పైపు మూతి దగ్గరగా, పక్కన స్కేలు కర్ర పెట్టి. రెండోది దూరం నుంచి, అందరూ గుర్తుపట్టే భవనమో స్తంభమో కనిపించేలా.

ఈ నడకకు రోజు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. చివరి వాన పడ్డాక కనీసం 72 గంటలు ఆగాలి. వాననీటి పైపులోంచి మూడు రోజుల తర్వాత కూడా నీరు వస్తుంటే అది వాననీరు కాదు. ఇంతకన్నా సూటి పరీక్ష మరొకటి లేదు, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. వాన పడలేదని రుజువు కావాలంటే తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాతావరణ కేంద్రాల లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మీకు దగ్గరి కేంద్రం గత ఐదు రోజుల వర్షపాతం కాగితానికి జతచేయండి.

ఇక బకెట్టు. పది లీటర్ల గుర్తు ఉన్న బకెట్టును పైపు కింద పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయండి. ఎనిమిది సెకన్లు పట్టిందనుకోండి. సెకనుకు 1.25 లీటర్లు. అది రోజంతా అలాగే పారితే 1,08,000 లీటర్లు. మన దేశంలో మురుగు వ్యవస్థల రూపకల్పనకు మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా వస్తుందని లెక్క వేస్తారు. అంటే ఆ ఒక్క పైపు వెయ్యి మంది మురుగు. “కంపు కొడుతోంది” అన్న మాటకు, “కు-2-140 నుంచి సుమారు వెయ్యి మంది మురుగు నాలాలో కలుస్తోంది” అన్న మాటకు ఇంజినీరు ముందు ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు. వెయ్యి మంది అంటే రెండు మూడు పెద్ద అపార్ట్‌మెంట్లు. ఏవో వెతకడం ఇక కష్టం కాదు.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. ఉదయం ఏడు గంటలకు కొలిచి, దాన్ని 24 గంటలకు గుణించేస్తారు. ఉదయం ప్రవాహం రోజు సగటుకు రెండు మూడింతలు ఉంటుంది. చిన్న జనాభాకైతే డిజైన్‌లోనే మూడింతలు వేసుకుంటారు. అధికారి ఈ ఒక్క తప్పు పట్టుకున్నాడంటే మీ కాగితం మొత్తం పక్కకు పోతుంది. కాబట్టి ఉదయం 7, మధ్యాహ్నం 2, సాయంత్రం 7, రాత్రి 11 గంటలకు నాలుగు కొలతలు తీసి సగటు వేయండి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలా కాలనీలకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నల్లా వచ్చిన రోజు బట్టలు ఉతకడం, వాకిళ్లు కడగడం, సంపులు నిండి పొంగడం అన్నీ కలిసి ప్రవాహం పెరుగుతుంది. నల్లా రోజు ఒకసారి, నల్లా లేని రోజు ఒకసారి కొలవండి. ఏ రోజు కొలిచారో కాగితం మీద ఉండాలి.

బకెట్టు అందని పెద్ద పైపులకు, నాలా మొత్తానికి నిమ్మకాయ సరిపోతుంది. ఒడ్డు మీంచే పది మీటర్ల దూరం రెండు గుర్తులు పెట్టండి. కొంచెం ఎగువన నిమ్మకాయ వేసి, మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు పట్టిన సెకన్లు చూడండి. ఐదుసార్లు చేయండి, ఒడ్డుకు తగిలి ఆగినవి వదిలేయండి. పైన తేలే వస్తువు వేగం ప్రవాహం సగటు వేగం కన్నా ఎక్కువ, అడుగున రాపిడి ఉంటుంది కదా. అందుకే కాంక్రీటు అడుగైతే 0.85తో, రాళ్లూ బురదా అయితే 0.8తో గుణించాలి. లోతు వంతెన మీంచి బరువు కట్టిన టేపు దింపి, ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఉదాహరణకు వెడల్పు 4 మీటర్లు, లోతు 0.3 మీటరు, పది మీటర్లకు 20 సెకన్లు. వేగం 0.5, దాన్ని 0.85తో గుణిస్తే 0.425. మూడూ గుణిస్తే సెకనుకు 0.51 ఘనపు మీటర్లు, రోజుకు సుమారు 44 మిలియన్ లీటర్లు. ఈ పద్ధతిలో నాలుగో వంతు దాకా తేడా రావచ్చు. కాబట్టి ఎగువ వంతెన దగ్గరి లెక్కను దిగువ వంతెన లెక్కలోంచి తీసేసి మధ్యలో చిన్న పైపు ఎంత పోస్తోందో చెప్పాలనుకోవద్దు, అది కుదరదు. పెద్ద గొట్టం, పక్క నాలా లాంటివి మాత్రమే ఇలా తేలతాయి. మొత్తం లెక్క మరో ప్రశ్నకు పనికొస్తుంది. ఫతేనగర్ మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 133 మిలియన్ లీటర్లు. దానికి ఎగువన, దిగువన పొడి రోజుల్లో నాలాలో ఎంత పారుతోందో తెలిస్తే, ఏ మురుగు కేంద్రానికి చేరుతోంది, ఏది తప్పించుకుని చెరువుకు పోతోంది అన్నది లెక్కతో అడగవచ్చు.

ఎవరూ నాలాలోకి దిగకూడదు. మ్యాన్‌హోల్ మూత తీయకూడదు, ఎవరిచేతా తీయించకూడదు. రక్షణ పరికరాలు లేకుండా ఆ పనికి మనుషులను దింపడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ఒప్పుకోదు. నాలా మీద వేసిన పాత స్లాబుల మీద నిలబడవద్దు, కింద కమ్మీ తుప్పుపట్టిందో లేదో పైనుంచి తెలియదు. బురద కదిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన తగిలితే వెనక్కి రండి. వాసన ఒక్కసారిగా ఆగిపోతే మరీ ప్రమాదం, గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది. నీళ్లు తీయడానికి దోటికి మగ్గు కట్టుకోండి, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. చేతి మీద పుండు ఉన్నవాళ్లు ఆ రోజు రాసే పనే చేయాలి; ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ పుండ్లలోంచే ఎక్కుతుంది.

పైపులోంచి వచ్చేది ఏ రకం నీరో తేల్చడం తర్వాతి పని. ఇందుకు నీటి ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ పెన్ను, నీటి విద్యుత్ వాహకత చూపే ఈసీ పెన్ను, అమోనియా కిట్టు, క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే క్లోరోస్కోప్ చాలు. అక్వేరియం దుకాణాల్లో దొరికే అమోనియా కిట్టే పనికొస్తుంది, కాకపోతే అది చేపల తొట్టికి చేసింది కాబట్టి మురుగుకు రంగు పైఅంచు దాటిపోతుంది. ఒక మిల్లీలీటరు నమూనాకు తొమ్మిది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను పదితో గుణించండి. ఇంటి మురుగులో లీటరుకు 25 నుంచి 40 మిల్లీగ్రాముల అమోనియా మామూలే.

నీరు తేటగా ఉండి, క్లోరిన్ పసుపు రంగు కనబడి, ఈసీ మీ ఇంటి నల్లా నీటికి దగ్గరగా ఉంటే అది పైపులైను లీకేజీ. జలమండలి వాళ్లు దీనికి మాత్రం త్వరగా వస్తారు. తేటగా ఉండి క్లోరిన్, అమోనియా రెండూ లేకుండా బోరునీటి ఈసీతో వస్తుంటే ఎవరో సెల్లార్ నీళ్లు తోడుతున్నారు. తవ్వకం జరుగుతుంటే ఎర్రమట్టి కలుస్తుంది. తేటగానే ఉండి ఈసీ మాత్రం బోరునీటికి రెట్టింపు ఉంటే క్యాన్ల వాటర్ ప్లాంటు ఆర్వో వదిలేసిన నీరు అయి ఉంటుంది. బూడిదరంగు, నురగ, అమోనియా తక్కువ అయితే లాండ్రీ లేదా వాహనాలు కడిగే చోటు. బూడిదరంగు, అమోనియా ఎక్కువ అయితే మరుగుదొడ్ల నీరు, సందేహం లేదు. వేడిగా ఉండటం, పీహెచ్ 6.5 కన్నా తక్కువో 8.5 కన్నా ఎక్కువో ఉండటం, ఈసీ మూడు వేల మైక్రోసీమెన్స్ దాటడం, ఘాటైన రసాయన వాసన, ఇవి ఫ్యాక్టరీ గుర్తులు. నీరు నల్లగా ఉంది కాబట్టి రంగుల ఫ్యాక్టరీ అని మాత్రం రాయకండి. గాలి అందని బురదలో సల్ఫైడు ఇనుముతో కలిస్తే నలుపు దానంతటదే వస్తుంది.

పెన్నులు అబద్ధం చెప్పడానికి కారణాలు కొన్నే. టీడీఎస్ పెన్ను నిజానికి టీడీఎస్ కొలవదు. విద్యుత్ వాహకతను, అంటే ఈసీని కొలిచి, కంపెనీని బట్టి 0.5తోనో 0.7తోనో గుణించి చూపిస్తుంది. రెండు కాలనీల పెన్నులు ఒకే నీటికి 600, 840 చూపిస్తే ఎవరిదీ పాడైనట్టు కాదు. అందుకే ఈసీ చూపే పెన్నే కొనండి, మైక్రోసీమెన్స్‌లోనే రాయండి. 1413 మైక్రోసీమెన్స్ చూపాల్సిన ప్రామాణిక ద్రావణంతో నెలకోసారి సరిచూడండి. ఏదైనా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు సాయం ఉంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.7456 గ్రాముల పొటాషియం క్లోరైడు కలిపితే అదే ద్రావణం తయారవుతుంది, 25 డిగ్రీల దగ్గర. పీహెచ్ పెన్నును పీహెచ్ 4, 7గా తెలిసిన ద్రావణాలతో (బఫర్లతో) బయలుదేరే రోజే సరిచూడాలి. దాని గాజు కొనను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే పాడైపోతుంది. పొటాషియం క్లోరైడు నిల్వ ద్రావణంలోనే ఉంచాలి. పెన్ను ఎండి, మొదటి నెల తర్వాత ఏ నీళ్లకైనా 7.8 చూపిస్తూ కూర్చుంటే ఆ రీడింగులన్నీ దండగే.

కరిగిన ఆక్సిజన్ కోసం కాలేజీ ల్యాబు తోడు తీసుకోండి. మీటర్లున్నాయి గానీ మురుగులో వాటి పొర త్వరగా పాడవుతుంది. పాత వింక్లర్ పద్ధతే నమ్మకం. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను, అంటే ల్యాబులో వాడే గాజు బిరడా సీసాను, బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ అజైడు చెరి రెండు మిల్లీలీటర్లు నీటి మట్టం కింద వదిలి, మూత పెట్టి తిరగేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు తరకలు దిగుతాయి. లేకపోతే తెల్లగా, పాలవిరుగుడులా దిగుతుంది. టైట్రేషన్ దాకా వెళ్లనక్కర్లేకుండానే ఆ తెలుపు సంగతి చెప్పేస్తుంది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి 30 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీరు కూడా లీటరుకు 7.1 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలదు; మార్గదర్శక పుస్తకంలో సముద్ర మట్టానికి ఇచ్చిన 7.6తో పోల్చి బాధపడవద్దు. చేపలు బతకడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ‘డి’ తరగతి హద్దు 4. నమూనా తీసిన గంట తప్పక రాయాలి. నీరు నిలిచే చోట నాచు ఉంటే మధ్యాహ్నం ఆక్సిజన్ ఎక్కువ, తెల్లవారకముందు అట్టడుగు. చెరువు మీద పగలు పదకొండుకు నెలకోసారి తీసిన నమూనా బాగుందంటే, చేపలు ఎందుకు తేలాయన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మార్కెట్లో హెచ్2ఎస్ సీసాలు ఉన్నాయి, నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే మలసంబంధ బ్యాక్టీరియా ఉంటే నల్లబడతాయి. నాలా నీళ్లకు ఇవి వాడి డబ్బు తగలేయకండి, ప్రతి సీసా నల్లబడుతుంది. నాలాకు వంద మీటర్ల లోపున్న బోర్లకు వాడండి. అక్కడ నల్లబడితే ఆ బోరు నీళ్లు వంటకు వద్దని ఆ ఇంటివాళ్లకు ఆ రోజే చెప్పాలి. అదే బోర్లలో నైట్రేటు కూడా చూడండి, తాగునీటికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు.

రాత్రి వేళ ఫ్యాక్టరీ నీరు వదులుతున్నారన్న అనుమానం ఉంటే ఒక రాత్రి చాలు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గంటకోసారి, వీధిదీపం ఉన్న రోడ్డు వంతెన మీంచి తాడు కట్టిన బకెట్టు దింపి ఈసీ, పీహెచ్ రాయండి. ఇంటి మురుగైతే జనం పడుకున్నాక అంకె మెల్లగా దిగుతుంది. అలా దిగుతూ ఉన్నది ఒంటిగంటకు 1200 నుంచి 2800కు ఎగబాకి, మూడింటికి మళ్లీ దిగితే అది ఇళ్ల పని కాదు. అదే రాత్రి ఎగువ కాలనీ కూడా వాళ్ల వంతెన మీద కొలిస్తే మరీ మంచిది. వేగం సెకనుకు 0.4 మీటరు అయితే గంటకు దాదాపు కిలోమీటరున్నర. పైవంతెన దగ్గర పన్నెండుకు, దాదాపు కిలోమీటరున్నర దిగువన ఒంటిగంటకు ఎగబాకితే వదిలింది పైవంతెనకు ఎగువన. పైన ఏమీ లేకుండా కింద మాత్రమే కనిపిస్తే మీ మధ్యలోనే.

పూడికతీత గురించి కూడా కొలతే చెబుతాం. బిల్లు ఘనపు మీటర్లలో వస్తుంది. వంతెన పిట్టగోడ మీద మూడు చోట్ల ఎర్ర పెయింటు గుర్తులు పెట్టండి. పనికి ముందు, తర్వాత అవే గుర్తుల నుంచి టేపు దింపి అడుగు ఎంత లోతో రాయండి. 6 మీటర్ల వెడల్పు నాలాలో 100 మీటర్ల పొడవున అర మీటరు తీశామంటే 300 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు ఆరు పట్టినా 50 ట్రిప్పులు. ట్రిప్పులు లెక్కపెట్టడానికి ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఒక కుర్చీ, ఒక నోటుబుక్కు చాలు. తీసిన బురద 48 గంటల్లో ఒడ్డు నుంచి కదలాలని ముందే రాతపూర్వకంగా అడగండి. దిగువ కల్వర్టు అడుగు కన్నా లోతుగా తవ్వించడం మాత్రం వృథా. అది గుంతగా మారి ఒక వానలో పూడుతుంది, మధ్యలో దోమలకు నిలయం.

కల్వర్టుల కిందికి టార్చి వేసి చూడండి. నీటి పైపులు, కేబుళ్లు అడ్డంగా వెళ్తుంటాయి. మీటరున్నర ఎత్తున్న దారిలో 30 సెంటీమీటర్ల పైపు అడ్డం ఉంటే అయిదో వంతు దారి పోయినట్టే. దానికి ప్లాస్టిక్ కవర్లు, పరుపులు చిక్కుకుంటే మిగిలిందీ పోతుంది. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరులో 19 సెంటీమీటర్లు కురిసినట్టు బేగంపేటలో నమోదైంది. అంత వాన అక్కర్లేదు. చదరపు కిలోమీటరు కాంక్రీటు మీద గంటలో 50 మిల్లీమీటర్లు పడి అందులో 80 శాతం పారితే సెకనుకు 11 ఘనపు మీటర్లు వస్తాయి. మీ కల్వర్టు అంత మింగగలదా అని ఇంజినీరును అడగండి. వరద తగ్గిన 24 గంటల్లోపు గోడల మీది నీటి గీతకు పెయింటు గుర్తు, తేదీ పెట్టండి. ఎండ రెండు రోజులు కాస్తే ఆ గీత కనబడదు.

నాలాకు మూత వేయించమని అర్జీ పెట్టకండి. పిల్లలు పడతారన్న భయం నిజమైనదే, దానికి ఇనుప జాలీ, కంచె అడగండి. స్లాబు వేసిన మరుక్షణం కింద ఎన్ని పైపులు కలుస్తున్నాయో ఎవరికీ కనబడదు, పూడిక తీయడం రెట్టింపు కష్టం, స్లాబు మీద మర్నాటికి పార్కింగ్ వెలుస్తుంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, 168వ నంబరు జీవో ప్రకారం పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. కొలిచేటప్పుడు ప్రస్తుతం నీరు పారే వెడల్పు కాదు, రెవెన్యూ నక్షాలోని నాలా హద్దు తీసుకోవాలి. ఆక్రమించుకున్నవాడికి ఇరుకైన నాలాయే లాభం.

ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్ల మీదికి వేలు చూపడం సంఘాల సమావేశాల్లో చాలా తేలిగ్గా జరిగిపోతుంది. బకెట్టు లెక్క వేశాక మాట్లాడండి. ముప్పై గుడిసెల్లో నూటయాభై మంది ఉంటారు, వాళ్లకు మనిషికి 135 లీటర్ల నీళ్లు వచ్చిన రోజు లేదు. మీ సొంత అపార్ట్‌మెంటు మురుగు ఎక్కడికి పోతోందో ముందు తేల్చుకోండి. సీవరేజి కనెక్షన్ కాగితాల్లో ఉండి, అది నిండిపోయినప్పుడు ప్లంబరు వాననీటి లైనుకు తిప్పేసిన భవనాలు తక్కువేమీ కాదు. మరుగుదొడ్డి ఫ్లష్‌లో పచ్చరంగు ఆహారపు రంగు వేసి, పైపు మూతి దగ్గర ఒకరు నిలబడితే పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. పైవాళ్లకు రాసే ముందు ఇది చేయండి.

మీ కొలత కోర్టులో సాక్ష్యం కాదన్నది గుర్తుంచుకోండి. 1974 చట్టం 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారి నోటీసు ఇచ్చి, నమూనాను రెండుగా చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకుంటేనే ఆ ఫలితం చెల్లుతుంది. మీ అంకెల పని అధికారిని సరైన పైపు దగ్గరికి సరైన గంటకు రప్పించడం. ఒక పైపుకు ఒక కాగితం రాయండి, ఇలా: కు-2-140. సిమెంటు పైపు, 30 సెంటీమీటర్లు. వాన లేక ఐదు రోజులు, నల్లా వచ్చిన రోజు. ఉదయం 7.10కి పది లీటర్లకు 8, 8, 9 సెకన్లు. నాలుగు వేళల సగటు సెకనుకు 0.6 లీటరు, రోజుకు సుమారు 52 వేల లీటర్లు, 480 మంది మురుగు. అమోనియా 30, పీహెచ్ 7.3, ఈసీ 1350. ఫొటోలు రెండు.

మురుగు పైపైతే జలమండలికి, 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫ్యాక్టరీ గుర్తులుంటే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. పూడిక, కల్వర్టులు కార్పొరేషన్‌కు, ఆక్రమణలు హైడ్రాకు. పికెట్ నాలా వైపు కంటోన్మెంటు బోర్డు కూడా ఉంది. ఒకే అర్జీని అందరికీ పంపితే ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసు పేరు చెబుతుంది, విడివిడిగానే పంపండి. నెల దాటితే సమాచార హక్కు దరఖాస్తులో ఫిర్యాదు నంబరు వేసి, ఆ పైపు మీద ఏ తేదీన ఎవరు తనిఖీ చేశారో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇంకా కదలకపోతే 1974 చట్టం 49వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు. చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్లాలనుకుంటే ఆరు నెలల గడువు నడుస్తూ ఉంటుంది, చూసుకోండి.

సంక్రాంతి దాటిన ఆదివారం మొదటి నడక పెట్టుకుంటే ఫిబ్రవరి చివరికి పైపుల జాబితా, మార్చికల్లా నాలుగు వేళల కొలతలు అయిపోతాయి. ఎగువ దిగువ కాలనీలు ఒకే పట్టిక వాడండి, అదే ఒడ్డు పేర్లు, అవే యూనిట్లు. వంతెన గుర్తుల లోతు కొలతలు మాత్రం ఇంకా ముందే కావాలి. పూడికతీత టెండర్లు పిలిచేలోగా అవి మీ వార్డు ఇంజినీరు బల్ల మీద ఉండాలి, అందినట్టు సంతకం, తేదీతో ఒక నకలు మీ దగ్గర ఉండాలి.

ఇట్లు,
నాలా నీటి కొలతల పని తెలిసిన కొందరం,
హైదరాబాద్